ఏ సాధన పట్టుకోవాలి: కాళ్ళతోనా, నోటితోనా, ఊపిరితోనా?

మా మందుల షాపు తిరుపతిలో పెద్దాసుపత్రికి వెళ్ళే దారిలో ఉంది. ఇరవై రెండేళ్ళుగా అదే కౌంటర్ వెనక కూర్చుంటున్నాను కాబట్టి ఏ మనిషి దేనికోసం వచ్చాడో నోరు తెరవకముందే కొంత అర్థమవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక వచ్చి, పక్కన ఎవరూ లేకుండా అయ్యేదాకా ఆగి, "అన్నా, నిద్ర పట్టల్యా, ఏమన్నా ఉంటే ఇస్తావా" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. చీటీ లేకుండా ఇవ్వను, ఇవ్వకూడదు కూడా, డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్తాను. అయితే చాలామంది వెంటనే కదలరు. కాసేపు అట్లే నిలబడి రెండో ప్రశ్న అడుగుతారు: "పోనీ ధ్యానం చేస్తే తగ్గుతుందా? వాటిల్లో ఏది మంచిది?"

ఆ రెండో ప్రశ్నకు కౌంటర్ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం నా వల్ల కావడంలేదు. మా నాన్న చనిపోయిన ఏడాది నాకే నిద్ర పట్టకుండా పోయింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చాలా చేశాను. మెట్లు ఎక్కాను, జపం చేశాను, మాల వేశాను, పదిరోజుల మౌనశిబిరానికి వెళ్ళాను, డబ్బు కట్టి ఒక కోర్సు కూడా నేర్చుకున్నాను. కొన్ని నిలిచాయి, కొన్ని మూడో వారానికే పోయాయి. పోయినవి తక్కువవని కాదు, అవి నా రోజులో ఇమడలేదు. ఇది అర్థం కావడానికే నాకు అన్నేళ్ళు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏది గొప్పదో అని ఎంచుకుంటే నిలవదు. మీలో ముందుగా నెమ్మదించేది ఏదో చూసుకుని ఎంచుకోండి. ఇది నా సొంత తెలివి కాదు. పతంజలి యోగసూత్రాల్లో చిత్తం నిలవడానికి వరసగా ఉపాయాలు చెప్పుకుంటూ వచ్చి, చివరికి "యథాభిమత ధ్యానాద్వా" అంటాడు, అంటే నీకు ఇష్టమైనదాన్ని ధ్యానించినా సరే అని. అంత పెద్దాయన ఆ తలుపు తెరిచి పెట్టాక మనం ఒకరి సాధనను ఇంకొకరి మీద రుద్దే పని లేదు.

ఎంచుకునే ముందు ఒక వారం మిమ్మల్ని మీరే గమనించండి. టెన్షన్ వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే మీరు చేసే పని ఏమిటి? కొందరు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతారు, వాళ్ళకు కాళ్ళతో చేసే సాధన కుదురుతుంది. కొందరు ఎవరికో ఒకరికి ఫోన్ చేసి మాట్లాడతారు, లేదా తమలో తామే గొణుక్కుంటారు, వాళ్ళకు నోటితో చేసేది. మా ఆవిడ కోపం వస్తే బీరువాలో చీరలన్నీ తీసి మళ్ళీ మడతపెడుతుంది, అట్లాంటి వాళ్ళకు చేత్తో చేసేది. ఇంక కొందరు ఏమీ మాట్లాడకుండా మిద్దెపైకి వెళ్ళి కూర్చుంటారు. ఊపిరి మీద ధ్యానం వీళ్ళకు తొందరగా పట్టుబడుతుంది. నేను మొదటి రకం మనిషిని. అది తెలియక రెండేళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోవడానికి ప్రయత్నించి, నాకు భక్తి లేదేమో అని బాధపడ్డాను.

కాళ్ళతో

తిరుపతిలో ఉండే మనకు ఈ విషయంలో ఉన్న భాగ్యం ఇంకెవరికీ లేదు. కొండకు రెండు నడక దారులున్నాయి, రెండూ ఒకటి కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా దాదాపు ఏకబిగిన ఎక్కుడే, ఆ తర్వాత చాలా దూరం నడక తేలిక, మళ్ళీ మోకాళ్ళ పర్వతం దగ్గర నిటారుగా ఎక్కాలి. అలవాటు లేనివాళ్ళకు మూడు, నాలుగు గంటలు పడుతుంది. చంద్రగిరి వైపు శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే, దూరం 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. గంటన్నర, రెండు గంటల్లో పైన ఉంటారు గానీ, మధ్యలో ఊపిరి తీసుకునే చదును చాలా తక్కువ. వయసులో ఉన్నవాళ్ళు తక్కువ మెట్లని శ్రీవారి మెట్టుకు వెళ్తారు. నెమ్మదిగా నామం అనుకుంటూ నడవాలనుకునేవాళ్ళకు మాత్రం అలిపిరే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే గాలిగోపురం దాటాక వచ్చే ఆ చదును దారిలోనే మనసు శరీరాన్ని వదిలి తన పనిలో పడుతుంది. అక్కడిదాకా వచ్చేసరికి కాళ్ళు అలిసిపోయి ఉంటాయి, తగువులు, అప్పులు, షాపు లెక్కలు కూడా అలిసిపోయి ఉంటాయి.

మోకాళ్ళ పర్వతం దగ్గర రామానుజులు మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దవాళ్ళు చెప్తారు. చిన్నప్పుడు అన్నమయ్య అక్కడే ఆకలితో సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ వచ్చి, చెప్పులు తీసి ఎక్కమని చెప్పిందనే కథ కూడా ఉంది. ఆ చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కే ఆడవాళ్ళను చూస్తే మరీను. ఆరేడు గంటలు నడుము వంచి ఎక్కుతారు, మధ్యలో ఎవరితోనూ మాట్లాడరు. ధ్యానం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళను చూపిస్తాను.

కానీ ఇది రోజూ చేసేది కాదు, నెలకోసారి, రెండుసార్లు కుదిరేది. మోకాళ్ళు అరిగినవాళ్ళు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు మొక్కుకున్నామని మొండికేసి ఎక్కొద్దు. మొక్కు ఉంటే పది మెట్లు ఎక్కి దణ్ణం పెట్టుకుని బస్సులో వెళ్ళండి, ఆ సామికి మన కీళ్ళ సంగతి తెలియదా. 2023లో చిరుతల దాడులు జరిగిన తర్వాత పిల్లలతో వెళ్ళేవాళ్ళకు, రాత్రి నడిచేవాళ్ళకు వేళల ఆంక్షలు వచ్చాయి. అవీ, దర్శనం టోకెన్ల పద్ధతీ మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరేరోజు కనుక్కుని వెళ్ళండి.

రోజువారీకి అయితే కపిలతీర్థం రోడ్డు, యూనివర్సిటీ చెట్లకింద దారులు, చిత్తూరులో ఉంటే కట్టమంచి చెరువు వైపు, ఎక్కడైనా సరే, ఇరవై నిమిషాలు ఫోన్ ఇంట్లో పెట్టి, అడుగుకొక నామం చొప్పున నడవండి. షుగర్ ఉన్నవాళ్ళకు డాక్టరు చెప్పిన నడకా అయిపోతుంది, జపమూ అయిపోతుంది. నేను ఇప్పుడు రోజూ చేస్తున్నది ఇదే. అలిసిపోయి, చిరాకుగా ఉన్న రోజు కూడా దీన్ని మాత్రం వదలలేదు.

నోటితో: జపమా, పారాయణమా

ఈ రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. జపానికి ఒక్క మాట చాలు, పారాయణానికి పుస్తకం, స్నానం, ఒక అరగంట కుదురు కావాలి. ఆర్టీసీ డ్రైవరు, హోటల్లో దోసెలు పోసే అమ్మాయి, పసిబిడ్డ తల్లి, వీళ్ళకు పారాయణం చెప్తే రెండో రోజుకే తప్పిపోయామనే బాధ తప్ప ఏమీ మిగలదు. గోవిందా అని 108 సార్లు అనడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, దాన్ని బిడ్డకు పాలిస్తూ కూడా అనుకోవచ్చు. మాల లేకపోతే వేళ్ళ కణుపులున్నాయి.

అయితే జపానికి ఒక లోటు ఉంది, అది ఎవరూ చెప్పరు. నెల తిరిగేసరికి నాలుక దాని పాటికి అది తిరుగుతుంటుంది, మనసు ఎటో పోతుంది. ఆలోచనలు ఎక్కువగా వచ్చే మనిషికి, ముఖ్యంగా రాత్రిళ్ళు ఒకే సంగతి తలలో గిర్రున తిరిగేవాళ్ళకు, పారాయణమే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే పదాలు మారుతూ ఉంటాయి, తప్పు పోకుండా చదవాలంటే మనసు అక్కడే ఉండాలి. విష్ణుసహస్రనామం అలవాటైనవాళ్ళకు అరగంట. కొత్తవాళ్ళకు మొదటి నెలలో గంట పడుతుంది, మధ్యలో నాలుక మడతపడుతుంది, పట్టించుకోవద్దు. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు యుద్ధం గెలిచి కూడా మనశ్శాంతి లేని ధర్మరాజుకు చెప్పినది అది. అన్నీ దక్కాక కూడా నిద్రపట్టని మనిషికి చెప్పిన మందు అని గుర్తుపెట్టుకుని చదివితే వేరుగా వినిపిస్తుంది. సంస్కృతం భయం ఉంటే హనుమాన్ చాలీసా పది నిమిషాల్లో అయిపోతుంది. గీతలో 15వ అధ్యాయం 20 శ్లోకాలే, రోజూ దాన్నొక్కదాన్నే చదివే పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు, 700 శ్లోకాలూ ఒక్కసారి చదివి వదిలేసిన నాకంటే ఆయనకే గీత ఎక్కువ తెలుసు.

పొద్దున్నే సుప్రభాతం టీవీలో పెట్టుకుని కాఫీ కాచుకోవడం మన ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్నదే. అది మంచి అలవాటే గానీ సాధన లెక్కలోకి రాదు, వినడం వేరు, చెవి పెట్టి కూర్చోవడం వేరు. అందులో సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అని నాలుగు భాగాలున్నాయి. ప్రపత్తి భాగం వచ్చినప్పుడన్నా పొయ్యి కట్టేసి కూర్చుని చూడండి, ఆ 16 శ్లోకాలు అయ్యేసరికి రోజు మొదలయ్యే తీరే మారుతుంది.

పాడగలిగినవాళ్ళకు ఇంకో దారి ఉంది. అన్నమయ్య 1424 నుంచి 1503 దాకా, రోజుకు ఒకటి తక్కువ కాకుండా సంకీర్తనలు రాశారని చెప్తారు. మొత్తం 32,000 అంటారు, రాగిరేకుల మీద మనకు దక్కినవి 14,000 దాకా ఉన్నాయి. 79 ఏళ్ళను రోజుల్లోకి మార్చి చూశాను, 29,000 కూడా కావు. ఆ లెక్క చూశాక నాకు అర్థమైంది, ఆయనకు జ్వరం వచ్చిన రోజూ, పెళ్ళిళ్ళ రోజూ, చావుల రోజూ అన్నీ అందులో ఉండే ఉంటాయి. గొంతు బాగుందా లేదా అన్నది వదిలేసి, ఒక్క కీర్తన నేర్చుకుని రోజూ అదే పాడుకోండి.

చేత్తో

మా అమ్మ రామకోటి రాసేది. వరండాలో పీట వేసుకుని, ఎర్ర సిరా పెన్నుతో. కళ్ళు సరిగా కనిపించని రోజుల్లోనూ గళ్ళు తప్పేవి కాదు. కోటి అనే మాటకు భయపడకండి, లెక్క వేసుకుని మొదలుపెట్టండి: రోజుకు వెయ్యి రాస్తే కోటికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళు దాటుతుంది. 25 ఏళ్ళలోపు పిల్లలు గోవింద నామం కోటి సార్లు గానీ 10,01,116 సార్లు గానీ రాస్తే దర్శనం కల్పిస్తామని టీటీడీ 2023లో ప్రకటించింది. పదిలక్షలైతే రోజుకు వెయ్యి చొప్పున మూడేళ్ళలోపు పని. ఫోన్ చేతిలోంచి వదలలేని పిల్లలకు నేను ముందు ఇదే చెప్తాను, చెయ్యి ఖాళీగా ఉండదు కాబట్టి.

ఊపిరితో

ఇక్కడ దారులు ఎక్కువ, అయోమయమూ ఎక్కువ. అన్నిటికీ మూలం ఒకటే: నిటారుగా కూర్చుని, వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించడం, మనసు వేరే ఎటైనా పోతే తిట్టుకోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి తీసుకురావడం. కొత్తవాళ్ళు చేసే తప్పు, మనసు పోకుండా ఆపాలనుకోవడం. అది పోతుంది. ఇరవై నిమిషాల్లో వందసార్లు పోయి వందసార్లు తిరిగి వస్తే ఆ రోజు ధ్యానం బాగా జరిగినట్టే. గీతలో అర్జునుడు కూడా మనసును పట్టడం గాలిని పట్టినట్టుందని మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు, కష్టమే అని ఒప్పుకుని అభ్యాసంతో, వైరాగ్యంతో చిక్కుతుందంటాడు.

ఇంట్లో ఊరికే నేర్చుకోవాలంటే పిరమిడ్ ధ్యానం వాళ్ళు మన రాష్ట్రంలో ఊరూరా ఉన్నారు. పత్రీజీ ప్రచారం చేసిన ఆనాపానసతి, అంటే వచ్చే పోయే ఊపిరిని గమనించే పద్ధతి అది, ఎంత వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోమంటారు. ఫీజు లేదు, నియమాలు తక్కువ, చేతులు కలిపి కళ్ళు మూసుకుంటే చాలు. నలభై ఏళ్ళ మనిషి మొదటిరోజే నలభై నిమిషాలు కూర్చోవడం మాత్రం కష్టమని నా అనుభవం. పదితో మొదలుపెట్టి వారానికి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే నాలుగు నెలలకు అక్కడికే చేరుతారు. వాళ్ళ దగ్గర వినిపించే మిగతా విషయాలు, రోగాలన్నీ పోతాయి, మందులు మానెయ్యొచ్చు లాంటివి ఎవరైనా చెప్తే ఆ ఒక్క మాటా తీసుకోవద్దు. మందుల షాపువాడిని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోకండి, ధ్యానం నమ్ముకుని బీపీ బిళ్ళ ఆపేసి పక్షవాతంతో వచ్చినవాళ్ళ ఇళ్ళవాళ్ళు మా షాపు ముందు ఏడవడం చూశాను.

విపశ్యన పదిరోజుల శిబిరం పూర్తిగా వేరే సంగతి. గోయెంకా గారి పద్ధతి, మనకు దగ్గర్లో చెన్నై శివార్లలో తిరుముడివాక్కంలో ఉంది, ఆంధ్రలో ఏలూరు వైపు విజయరాయిలో ఉంది. ఫీజు లేదు, భోజనం వసతి అన్నీ పాత సాధకుల విరాళాలతో నడుస్తాయి, కోర్సు పూర్తయ్యాకే మీ విరాళం తీసుకుంటారు. తెల్లవారి నాలుగింటికి గంట కొడతారు. రోజుకు పది గంటల ధ్యానం, పదోరోజు దాకా మౌనం, ఫోన్ లేదు, పుస్తకం లేదు, పూజా జపమూ కూడా ఆ పదిరోజులు పక్కన పెట్టమంటారు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే స్పర్శలు. నాకు రెండోరోజూ ఆరోరోజూ పారిపోవాలనిపించింది. ఏడోరోజు మధ్యాహ్నం, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను విసుక్కున్న ఒక మాట గుర్తొచ్చి గంటసేపు కన్నీళ్ళు ఆగలేదు, ఎవరూ వచ్చి ఓదార్చలేదు, ఓదార్చకపోవడమే మంచిదయింది. తిరిగి వచ్చాక పూటకు గంట చొప్పున రెండుపూటలా కూర్చోమంటారు. షాపు పెట్టుకుని నేను ఆరునెలలకంటే నిలపలేకపోయాను. ఆ పదిరోజులు వృథా అని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు.

దీన్ని ఎవరు ఎంచుకోవాలంటే, పదిరోజులు ఇంటినుంచి కదలగలిగినవాళ్ళు, పొద్దున, సాయంత్రం తమ చేతిలో ఉన్నవాళ్ళు. తీవ్రమైన డిప్రెషన్, మతిస్థిమితం సమస్యలకు మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడుగుతారు, అక్కడ దాచొద్దు.

డబ్బు కట్టి నేర్చుకునే ప్రాణాయామ కోర్సులు కూడా చాలా ఉన్నాయి. నేను వెళ్ళినదాని పేరు చెప్పను. నేర్పిన శ్వాస బాగానే ఉంది, ఒంటికి తేలికగా కూడా అనిపించింది. కానీ మూడోరోజు నుంచి పైకోర్సు, దాని పైకోర్సు, ఇంకో నలుగురిని తీసుకురావడం, ఈ మాటలే ఎక్కువయ్యాయి. ఎక్కడైనా సరే మీకు నా సలహా ఒక్కటే: మొదటి రోజే మొత్తం ఖర్చు ఎంతో అడగండి, ఇంట్లో ఒంటరిగా చేసుకునేలా పూర్తిగా నేర్పుతారా లేదా అడగండి. సూటిగా జవాబు చెప్పినవాళ్ళ దగ్గర చేరండి. బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఊపిరి బిగపట్టే, వేగంగా కొట్టే పద్ధతుల జోలికి పోవద్దు.

ఇల్లంతా కలిసి మారేవి

సొంతంగా క్రమశిక్షణ నిలవనివాళ్ళకు మాల చాలా మంచిది. నేను తేలిగ్గా అనడంలేదు. అయ్యప్ప దీక్ష 41 రోజులు, తెల్లవారి చన్నీళ్ళ స్నానం, చెప్పులు లేని కాళ్ళు, నేల పడక, సాయంత్రం భజన. పదిమందీ "సామీ" అని పిలుస్తుంటే కోపం వచ్చినా నోరు జారదు. ఇరవై ఏళ్ళ తాగుడు ఆ నలభై రోజులు మానినవాళ్ళను చూశాను, మాల తీసిన మర్నాడే మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళనూ చూశాను. కాబట్టి మాల వేసే ముందే తీశాక ఏది మిగుల్చుకుంటారో ఒక్కటి తేల్చుకోండి, పొద్దున స్నానమో, సాయంత్రం భజనో. ఇంకో సంగతి, మాలలో ఉన్న నలభై రోజులూ ఇంట్లో ఆడవాళ్ళ పని రెట్టింపవుతుంది. వాళ్ళను అడగకుండా నిర్ణయం తీసుకోకండి.

మన చిత్తూరు వైపు పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు ఇంతకంటే మెత్తని దారి. నెలలో నాలుగైదు శనివారాలు ఒకపొద్దు ఉండి, ఇల్లు కడిగి, సామికి తళిగ (నైవేద్యం) వేసి, పిల్లలు నామం పెట్టుకుని చెంబు పట్టుకుని గోవిందా అంటూ ఇంటింటికీ బియ్యం అడుక్కొచ్చేవాళ్ళు. ఉన్నవాళ్ళ పిల్లలు కూడా అడుక్కునేవాళ్ళు, అడిగి తెచ్చిన బియ్యమే సామికి వండాలని. నా మటుకు నాకు వినయం అంటే ఏమిటో మొదట తెలిసింది ఆ చెంబు పట్టుకున్నప్పుడే. అపార్ట్‌మెంట్లలో ఇది తగ్గిపోతోంది, మళ్ళీ మొదలుపెట్టండి, పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా తెలుస్తుంది.

ఒకపొద్దుల గురించి మందుల మనిషిగా ఒక మాట: షుగర్ బిళ్ళ వేసుకుని అన్నం మానితే షుగర్ పడిపోయి కళ్ళు తిరిగి పడతారు. బిళ్ళ మానితే పెరుగుతుంది. ఏ మోతాదు ఎప్పుడు అనేది ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. మా పక్క బేకరీ భాయ్ రంజాన్‌కు పదిహేను రోజుల ముందే వెళ్ళి బిళ్ళల వేళలు మార్పించుకుని వస్తాడు. ఆయన్ను చూసి మనవాళ్ళు నేర్చుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. బేరం ఎంత రద్దీగా ఉన్నా నమాజు వేళకు గల్లా మూసి వెళ్తాడు, ఐదు నిమిషాలు, పది నిమిషాలు, తిరిగొచ్చి మళ్ళీ నవ్వుతూ బన్ను కడతాడు. వేళ ముందే నిర్ణయమై ఉంటే రోజూ "ఇవాళ చెయ్యాలా వద్దా" అని మనసుతో తగువుపడే పని ఉండదు. ఏ మతంవాళ్ళయినా ముందు సొంత ఇంట్లో ఉన్నదాన్ని చూసుకోండి. క్రైస్తవులైతే పొద్దున ఒక కీర్తన చదివి మౌనంగా కూర్చునే ప్రార్థన ఉంది. దేవుడి మీద నమ్మకం లేనివాళ్ళకు ఊపిరి మీద ధ్యానం, నడక, ఈ రెండూ ఏ అడ్డూ లేకుండా సరిపోతాయి.

వేళ సంగతి, ఇంకా ఎవరికి ఏది

బ్రహ్మముహూర్తం సూర్యోదయానికి గంటన్నర ముందు మొదలవుతుంది, అంటే మనకు సుమారు నాలుగున్నర. పదింటికి పడుకునేవాళ్ళకు అది అమృతఘడియే. పన్నెండు దాటాక షాపు మూసి ఇంటికెళ్ళే నాలాంటివాళ్ళు దానికోసం లేస్తే నిద్ర చాలక పగలంతా చిరాకు, ఆ చిరాకు పెళ్ళాం పిల్లల మీద. గీతలోనే ఉంది, మితిమీరి మేల్కొనేవాడికి యోగం కుదరదని. మీకు రోజూ దొరికే వేళే మీ ముహూర్తం.

లాడ్జీల్లో, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్ళు: జపం ఒక్కటే, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే దారిలో. కోచింగ్ హాస్టల్ పిల్లలు: చదువుకు కూర్చునే ముందు ఐదు నిమిషాలు ఊపిరి, అంతకు మించి వద్దు, అది ఇంకో సబ్జెక్టు అయిపోకూడదు. కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు: కుర్చీలో కూర్చుని పారాయణం, నేలమీద పద్మాసనం అక్కర్లేదు. ఇంట్లో ఏకాంతం అసలు దొరకనివాళ్ళు: గుడి. కొండమీద గుడి కాదు. స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైంది, కుదిరినప్పుడు వెళ్ళండి, కానీ కూర్చోవడానికి కోదండరామస్వామి గుడి, కపిలతీర్థం, అప్పలాయగుంట లాంటివి వెతుక్కోండి. మామూలు రోజు మధ్యాహ్నం పూట మండపంలో స్తంభానికి ఆనుకుని అరగంట కూర్చుంటే ఎవరూ లెమ్మనరు. వానలు పడ్డాక కపిలతీర్థంలో పైనుంచి నీళ్ళు దూకుతుంటాయి, ఆ శబ్దమే మీ పని చేసిపెడుతుంది.

ఏది ఎంచుకున్నా ఒకటే ఎంచుకుని ఒక మండలం, అంటే సుమారు నలభై రోజులు చెయ్యండి. మధ్యలో తప్పిన రోజుకు ప్రాయశ్చిత్తంగా మర్నాడు రెట్టింపు చేయొద్దు, ఆ రెట్టింపు భారంతోనే చాలామంది మొత్తం మానేస్తారు. మండలం అయ్యాక ధ్యానంలో ఏం కనిపించింది అని కాకుండా, ఇంట్లోవాళ్ళను అడగండి, నేను కేకలు వెయ్యడం ఏమైనా తగ్గిందా అని. తగ్గలేదంటే సాధన మార్చండి.

రెండు వారాలు దాటి నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆశ లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన వస్తున్నా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెంటనే మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ధ్యానం ఆ తర్వాత, మందుతోపాటు.

ఇంట్లో ఎవరో పోయి నెల కూడా కానివాళ్ళు కొందరు వచ్చి అడుగుతారు. వాళ్ళకు నేను ఏ సాధనా చెప్పను. కళ్ళు మూసుకుంటే ఆ మొహమే కనిపిస్తుంది, ఒంటరిగా కూర్చోబెట్టడం మంచిది కాదు. మా వీధి చివర రాములవారి గుడిలో శనివారం రాత్రి భజన ఉంటుంది, తాళాలు కొట్టే ముసలివాళ్ళు ఏడెనిమిది మంది, గొంతులు అంత బాగుండవు. అక్కడికి పోయి వెనక వరసలో కూర్చోమంటాను. పాడక్కర్లేదు. నాన్న పోయినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను, మూడో శనివారం ఎవరో ఏమీ అడగకుండా నా చేతిలో తాళాలు పెట్టారు.